పగులు మీద తీగ

పొద్దున్నే ఆమె మొదటి పని, రాత్రి గోడ మీంచి జారిపోయిన గీతల్ని ఏరుకోవడం. పెద్ద పెద్ద భవనాల్లో గోడల నిండా బొగ్గుతో బొమ్మలు వేయడం ఆమె వృత్తి. అలసిపోతే ఆ గీతలు కిందికి దిగి పడుకునేవి. ఇంట్లో అయితే వాళ్ళమ్మ చీపురుతో పక్కకి నెట్టి, "నీ గీతలు తీసుకోవే, కాళ్ళకి చుట్టుకుంటున్నాయి" అని విసుక్కునేది. దులిపి మళ్ళీ అతికిస్తే సాయంత్రం దాకా బుద్ధిగా ఉండేవి.

ఈసారి పని అక్క మొగుడిది. ఆయన కట్టించిన నాలుగంతస్తుల భవనంలో మెట్ల గోడ మీద పూలతీగ గీయాలి.

"బావా, ఇక్కడ పెద్ద పగులుంది," అంది నిచ్చెన మీంచి. దాంట్లోంచి గోధుమరంగు నీళ్ళు కారుతున్నాయి. కుళ్ళిన గుడ్డల వాసన.

బావ పళ్ళ సందులో ఇరుక్కున్నదేదో పుల్లతో తీసి, చూసుకుని, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు. "అందుకే కదా నిన్ను పిలిచింది! దాని మీదుగా లాగించెయ్. బొమ్మలు వేయమంటే ఇంజినీరింగ్ చెప్తావేంటి?"

అక్క మొహం చూసి గీసింది. తీగంతా నిలిచింది గానీ, పగులు మీద గీసిన ముక్క మాత్రం ఎన్నిసార్లు ఎక్కించినా జారిపోయింది. బావ బొటనవేలికి ఉమ్మి రాసుకుని అదిమాడు. 

మర్నాడు ఒక నర్సు ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని అద్దెకి ఇల్లు చూడ్డానికొచ్చింది. మెట్లెక్కుతుంటే పగులు మీది గీతలు జారి చిన్నదాని భుజం మీద పడ్డాయి. నర్సు వాటిని దులిపేసి తలెత్తింది.

"ఇదేంటండీ?"

"డిజైనమ్మా," అన్నాడు బావ, పళ్ళికిలించి.

నర్సు నిచ్చెన మీదున్న బొమ్మలావిడ వంక చూసింది.

"డిజైన్ కాదు, పగులు," అందామె. "లోపల నీళ్ళు దిగుతున్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళిపోండి."

నర్సు పిల్లల చేతులు పట్టుకుని దిగిపోయింది. బావ తిట్టిన తిట్లు వీధి దాకా వినిపించాయి. ఆ కబురు పాకి, ఆ ఇళ్ళలోకి ఎవరూ దిగలేదు.

వానలు ముదిరాక అక్క ఫోన్ చేసింది. "ఆ గోడ కూలిందే. సరిగ్గా పిల్లలు బడి నుంచొచ్చే వేళకి. మెట్ల మీద పురుగు కూడా లేదు. మీ బావ నీ పేరెత్తితే మండిపడుతున్నాడు. నువ్వేం పట్టించుకోకు," అంది.

ఆమె ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కుంది. ఆ పగులు మీద తీగ గీసింది ఈ చేతులే. మళ్ళీ కడుక్కుంది.