తుడిచిన ఫోటోకి పది

టీ గ్లాసులు బల్ల మీద పెట్టేసి శాలోమి లోపలికి వెళ్లిపోవలసింది. కానీ స్టూడియోలో కొత్త కంప్యూటరు తెర మీద ఒక ముఖం తనంతట తానే శుభ్రపడుతోంది. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆ ముఖం గోవాడ పరదేశి తల్లి అచ్చియ్యమ్మది. ఆవిడ పోయి వారం కూడా కాలేదు. బతికుండగా విడిగా ఫోటో తీయించుకోని మనిషి. పరదేశి పెళ్లి గ్రూపు ఫోటోలో వెనక వరసలో ఉన్న గోరంత ముఖాన్నే పెద్దకార్యం నాటికి పటం చెయ్యాలి. అలా పెద్దవి చేసిన ఫోటోల నిండా నూక చల్లినట్టు గింజలు పడతాయి. పెళ్లయి చోడవరం వచ్చిన ఏడాది నుంచీ ఆ గింజల్ని సన్న బ్రష్షుతో ఒక్కొక్కటే కప్పుతున్నది శాలోమే. అంట్లు తోమాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా ఆ పని. "కుర్సీలో కూకుని బొమ్మలు దిద్దుకోడం కూడా ఓ పనేటే? నడుం వొంగిందా, సెమట పట్టిందా?" అనేది అత్తగారు. స్టూడియో నడిపే భర్త ఏసుదానం మాత్రం పదిమందిలో మెచ్చుకునేవాడు. "మా ఆవిడకి అదో కాలక్షేపమండి."

విశాఖపట్నం నుంచి వచ్చిన ఇలియాస్ అనే కుర్రాడు రెండు సాఫ్టువేర్లు తెచ్చాడు. "ఇది ఒక్కసారే కొనేయడమండి, పదిహేను వేలు. కొత్త వెర్షను వస్తే మాత్రం మళ్లీ కట్టాలి. రెండోది ఊరికే ఇచ్చేస్తాం. తుడిచిన ఫోటోకి పది రూపాయలు. కంప్యూటరు వెనక తాళంలాంటిది బిగిస్తాం, లెక్క అదే చూసుకుంటుంది. ముందుగా కట్టింది అయిపోతే పని ఆగిపోతుంది."

"ఆగిపోతాదా?" అంది శాలోమి.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేటి?" అన్నాడు ఏసుదానం.

"ఆగిపోద్దక్కా. కట్టగానే మళ్లీ మొదలెడుతుంది," అన్నాడు ఇలియాస్.

శాలోమికి వింతగా ఉంది. పని ఆపేస్తుందట, అయినా దానికి పొగరని ఎవరూ అనడం లేదు. కూరలో ఉప్పు తగ్గితే విసుక్కునే మనిషి "పదంటే ఎక్కువేటి బాబూ, పని శుభ్రంగా సేత్తాదంటే" అని తలూపుతున్నాడు. మరి తన పని ఈ రెండింట్లో ఏ పద్ధతి? ఒక్కసారే కొనేసినదా? అలాగైతే కొత్తది వచ్చినప్పుడల్లా మళ్లీ కట్టాలంటున్నాడే. నలుపు తెలుపు పోయి రంగుల ఫోటోలు వచ్చినప్పుడు తను కొత్తగా నేర్చుకోలేదా? పోనీ, ఊరికే ఇచ్చినదా? ఊరికే ఇచ్చినదానికీ ఫోటోకింతని ఉందట. కోపం రాలేదు. బళ్లో కొత్త లెక్క చూసినప్పటిలా, ఇదెలా తేలుతుందో చూద్దామనిపించింది. ఆదివారం గుళ్లో సేవ గురించి చెప్పినప్పుడల్లా మనసారా ఆమెన్ అన్న మనిషే ఆమె. ప్రభువు చూస్తున్నాడు, అది చాలనుకుంది. ఆయన చూస్తున్నాడు సరే, పక్కనున్నవాళ్లు చూడనక్కర్లేదని ఆయన ఎప్పుడన్నాడు?

ఈలోగా పరదేశి వచ్చాడు. ఏసుదానం అప్పుడే అచ్చు తీసిన ఫోటో గొప్పగా చేతిలో పెట్టాడు. పరదేశి దాన్ని వెలుగులోకి తిప్పి తిప్పి చూశాడు.

"ఎవులండీ ఈవిడ?"

"ఏటలాగంతావు? మీ యమ్మే కదా!"

"మా యమ్మ గెడ్డం మీద పచ్చబొట్టేదండీ? మూడు సుక్కలుండాల. అవి నేకుండా దండేత్తే మా అక్కసెల్లెళ్లు నన్ను గుమ్మం తొక్కనిత్తారా?"

ఇలియాస్ గబగబా ఏదో తగ్గించాడు. పచ్చబొట్టు తేలింది, దాంతోపాటు గింజలన్నీ తేలాయి. మళ్లీ పెంచాడు. గింజలతోపాటు చుక్కలూ పోయాయి. "దీనికి రెండూ మచ్చలే అక్కా," అన్నాడు సిగ్గుపడుతూ. పాపం, దానికి అచ్చియ్యమ్మ ఎవరో ఎలా తెలుస్తుంది అనుకుంది శాలోమి.

ఏసుదానం నవ్వేశాడు. "ఇదో పనేటి! శాలోమీ, బ్రష్షు తే. మూడు సుక్కలు పెట్టేసి ఇచ్చీ."

ఆమె బ్రష్షు, రంగు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. బ్రష్షు మాత్రం ముంచలేదు.

"బాబూ, తుడవడానికి పదన్నావు. తుడిచేసింది మళ్లీ పెట్టాలంటే ఎంత?"

"అది మా దాంట్లో లేదక్కా. మనిషే పెట్టాలి."

"మరి మనిషికెంత?"

ఇలియాస్ ఏసుదానం వైపు చూశాడు. పరదేశి కూడా చూశాడు.

"ఇంట్లో మనిసికి ఎంతేటే, నీ యెర్రిగానీ!" అన్నాడు ఏసుదానం. ఈసారి నవ్వు సగంలో ఆగింది.

శాలోమి ఫోటోని తన వైపు తిప్పుకుని, చుక్కలు ఎక్కడ పడాలో వేలితో చూసుకుంది.

"ఇరవై," అంది మెల్లగా, భర్త వైపు తిరిగి. "మీరే ఇయ్యాల."