వాసన తెలియని కాఫీ

ఈశ్వరప్రసాద్ ఇత్తడి ఫిల్టరుకు చెవి ఆనించి విన్నాడు. చుక్క పడుతోంది. తొందరేం లేదు దానికి. ఆయనకీ లేదు.

నిరుడు వచ్చిన జ్వరం వెళ్తూ వెళ్తూ ఆయన ముక్కును వెంట తీసుకుపోయింది. అప్పటినుంచి కాఫీని చెవితోనూ, వేళ్ళతోనూ కాస్తున్నాడు. నీళ్ళు ఎప్పుడు దించాలో చప్పుడును బట్టి తెలుస్తుంది, పొడి ఎంత సన్నమో నలిపితే తెలుస్తుంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో కాటా దగ్గర పని. ముక్కు పోతే అక్కడ అదృష్టమేనని తోటివాళ్ళు నవ్వారు. సన్నటి మనిషి, చొక్కా మడతల్లో ఎప్పుడూ ఉల్లిపొట్టు. మోచేతులదాకా సబ్బుతో రుద్దుకుంటేగాని కాఫీపొడి డబ్బా ముట్టడు. రోజూ ఫిల్టరు, ఆదివారం గుడ్డ వడపోత, చుట్టాలొస్తే పొడిని అడుక్కి నొక్కే గాజు ప్రెస్సు. దేవుడి గదిలో ఇంత మడి పాటించి ఉంటే ఈపాటికి ఏదో ఒక వరం దొరికేది.

"ఎలా ఉందోయ్?"

"బాగుందండీ," అంది భార్య సాయిదుర్గ, గ్లాసు పెదవికి తగలకముందే.

అదే ఆయన దిగులు. జ్వరానికి ముందు ఆవిడ వంక పెట్టని కాఫీ లేదు. ఇప్పుడు అన్నీ బాగుంటున్నాయి. తన కాఫీ ఇంకా కాఫీయేనా అని తెలుసుకోవడానికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

సాయంత్రం మార్కెట్ నుంచి వచ్చి, మరో గ్లాసు చేతికిచ్చాడు.

"బాగుందండీ."

"పొద్దుటి పిప్పినే మళ్ళీ మరగబెట్టాను. ఇదీ బాగుందా?"

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "మీరు బాధపడతారనండీ..."

"అబద్ధానికి పడనా?"

"అయితే వినండి. పొద్దున పాలు అడుగంటాయి. మొన్న ఆదివారం ఇచ్చింది గోనెసంచి ఉతికిన నీళ్ళు."

ఆయన మొహం వెలిగిపోయింది. "మరి ఆ ముందు ఆదివారందో?"

"అది అడక్కండి."

అప్పటికప్పుడు గుడ్డ బిగించాడు. ఆయన పోస్తుంటే ఆవిడ వంగి వాసన చూసింది. "ఇంకొంచెం... చాలు. చాలన్నానా!" ఆయన బుద్ధిగా ఆపాడు. ఆవిడ ఒక గుక్క తాగి, వెంటనే ఇంకో గుక్క తాగింది.

"ఇదండీ కాఫీ అంటే."

ఆయన మళ్ళీ అడగలేదు. తన గ్లాసు పట్టుకుని వసారాలో కుర్చీ వేసుకున్నాడు. గిన్నెలు కడిగి, లైటు వెయ్యడానికి ఆవిడ బయటికి వచ్చేసరికి ఆయన లేడు. కుర్చీలో మనిషి మాత్రం అలాగే కూర్చుని ఉన్నాడు.

చావింట్లో పొయ్యి వెలిగించరు. తెల్లవారాక పక్కింటి పుష్పమ్మ ఫ్లాస్కుతో వచ్చింది.

"ఒక్క గుక్క తాగమ్మా దుర్గా."

తాగింది. "చికోరీ ఎక్కువైందండీ పుష్పమ్మగారూ," అంది. ఏడుపు అప్పుడు వచ్చింది.

వసారాలో కుర్చీ పక్కన, సగం తాగిన గ్లాసులో కాఫీ మీద పల్చగా మీగడ కట్టి ఉంది.