మినహాయింపు

టైపిస్టమ్మకు కాళ్ళు ఒకచోట నిలవవు. కోర్టులో టైపు కొట్టిన ముప్పై ఏళ్ళూ బల్ల కింద ఆమె పాదాలు ఆడుతూనే ఉండేవి. ఒకసారి జడ్జిగారు వాదన ఆపించి మరీ, "ఆ టకటక ఏమిటో చూడు" అని బంట్రోతును పంపారు. అలాంటి మనిషికి అరవై రెండో ఏట మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడు పొద్దులు ఆసుపత్రిలో డయాలసిస్. నాలుగేసి గంటలు ఒకే కుర్చీలో ఎడమ చెయ్యి కదపకుండా కూర్చోవాలి. ఒక సూదిలోంచి రక్తం మెషీనులోకి పోతుంది, కడిగిన రక్తం ఇంకో సూదిలోంచి తిరిగొస్తుంది. చెయ్యి కాస్త కదిలితే చాలు, మెషీను కుయ్యోమంటుంది. నర్సు వచ్చి, "మళ్ళీ మీరేనా అమ్మా" అంటుంది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో ఉంటుంది. తమ్ముడు చర్చి సంఘంలో పెద్ద. ఆమె ఇరవై ఆరేళ్ళుగా అదే చర్చిలో సండేస్కూలు టీచరు.

వానలు మొదలయ్యే రోజుల్లో పక్క కుర్చీలోకి వేరే ఆసుపత్రి నుంచి కొత్తావిడ వచ్చింది. యాభై దాటి ఉంటుంది, తల చుట్టూ నల్లటి స్కార్ఫు. చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు గుండీల కాజాలు కుట్టింది. ఆ సంగతి తెలిసిన మొదటి రోజే నర్సులు ఆమెకు కాజాలమ్మ అని పేరు పెట్టేశారు. ఆమె నవ్వి ఊరుకుంది. మెషీను మొదలైన కాసేపటికి ఇద్దరూ కళ్ళు మూసుకుని పెదవులు కదిపేవారు. ఎవరి ప్రార్థన వాళ్ళది. ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు.

ఈ సంగతి టైపిస్టమ్మ ఇంట్లో మాటవరసకు అనడమే తప్పయింది. గురువారం పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే తమ్ముడు ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ముస్లింలను అడగవలసిన పది ప్రశ్నలట.

"ప్రభువు నిన్ను ఊరికే ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదక్కా," అన్నాడు.

"నన్ను కూర్చోబెట్టింది కిడ్నీలు రా."

"నవ్వులాట కాదు. ఆమె ఆత్మ సంగతి రేపు తీర్పు దినాన నిన్ను అడుగుతారు."

ఆ మాట చెవిలో జోరీగలా ఆసుపత్రి దాకా వచ్చింది. సూదులు గుచ్చడం అయ్యాక ఆమె కాగితం విప్పింది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుంటూ మొదటి ప్రశ్న చదివింది: "మీ పాపములు క్షమింపబడినవని మీకు నిశ్చయత కలదా?"

కాజాలమ్మ తల తిప్పి చూసింది. "ఏంటక్కా, కోర్టు గుర్తొచ్చిందా?"

టైపిస్టమ్మ కాగితాన్ని కళ్ళకు ఇంకా దగ్గరగా పట్టుకుంది.

"ఇలా ఇవ్వు, నేనే చదువుకుంటాను. నీకు కళ్ళజోడు లేదుగా." కాజాలమ్మ సూదులు లేని చేత్తో కాగితం అందుకుని పైనుంచి కిందికి చదివింది. "మూడోదీ ఐదోదీ ఒకటే ప్రశ్న. ఆరోదాంట్లో అక్షరం తప్పుంది, చూశావా? ఎనిమిదోది మాత్రం మంచి ప్రశ్న. నాకు జవాబు తెలీదు. మా ఆయన ఉంటే చెప్పేవాడు." మళ్ళీ మొదటి ప్రశ్నకు వచ్చింది. "నిశ్చయత అంటే, లేదక్కా. ఆశ ఉంది, భయం ఉంది. రెంటిలో ఒకటే ఉంటే మనిషి చెడిపోతాడని మా అమ్మ అనేది."

ప్రశ్నలు తమ్ముడివే అయినా, అచ్చుతప్పు చూడకుండా తెచ్చినందుకు టైపిస్టమ్మకు నిజంగా సిగ్గేసింది. కాగితం వెనక్కి తీసుకుని సంచీలో పడేసింది. "సరే, నువ్వే చెప్పు. నువ్వు కళ్ళు మూసుకుని ఏమంటావు రోజూ?" అంది.

అలా మొదలైంది. వారాల తరబడి, మెషీన్ల చప్పుడు మధ్య, ఆమె అడుగుతూ పోయింది, కాజాలమ్మ చెబుతూ పోయింది. వాళ్ళ గ్రంథంలో ఉన్న మరియమ్మ కథ ఆమె నోట విన్నరోజు టైపిస్టమ్మ ముఖం విప్పారింది. ప్రసవవేదనలో ఒంటరిగా ఖర్జూర చెట్టు మొదట్లో కూలబడ్డ పిల్ల. నిందలు వేసిన జనానికి ఒళ్ళోని పసికందే జవాబు చెప్పాడట. తండ్రి లేకుండా పుట్టాడనీ, కుష్ఠురోగుల్ని బాగుచేశాడనీ, మళ్ళీ వస్తాడనీ కాజాలమ్మ చెబుతుంటే, తన ఇంటి పిల్లవాడి గురించి పరాయి ఇంట్లో మంచిమాట విన్నంత సంబరం కలిగింది.

ఆ సంబరం మీద ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "మరి సిలువ?"

"వెయ్యలేదక్కా," అంది కాజాలమ్మ, ఎంతో మెత్తగా. "దేవుడు ఆయన్ని పైకి తీసుకున్నాడు. అంత మంచివాణ్ణి వాళ్ళ చేతికి వదిలేస్తాడా?"

ఆ రోజు ఇంటికొచ్చి టైపిస్టమ్మ అన్నం కెలికి లేచింది. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి, కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కాజాలమ్మ ఎగతాళిగా అని ఉంటే తోసిపారేసేది. తన ప్రభువు మీద ప్రేమతో అంది, ఆయన్ని కాపాడుతున్నట్టు అంది. అదే మింగుడుపడలేదు. సూది గుచ్చిన ప్రతిసారీ టైపిస్టమ్మ తలుచుకునేది మేకులనే. ఆ మేకులు తీసేస్తే ఆమెకు మిగిలేదేమిటి? మరదలు అడ్డొచ్చి, "వదినా, కాసేపు కూర్చోరాదూ, నా కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

ఆమె కూర్చుంది. కానీ కుదురు రాలేదు. పాస్టరుగారిని అడిగితే, "అలాంటి మాటలు ఎక్కువ వినకండమ్మా" అన్నారు. వినడం మానలేకపోయింది. నమ్మకం సడలుతుందేమోనన్న భయం మాత్రం, ఎంత తడిమి చూసుకున్నా, లోపల దొరకలేదు. దొరికింది తెలుసుకోవాలన్న దురద.

ఇంతలో రంజాను నెల వచ్చింది. డాక్టరు కాజాలమ్మ మంచినీళ్ళ లెక్క చూసి, ఉపవాసం ఊసెత్తవద్దని గట్టిగా చెప్పి వెళ్ళాడు. ఆయన అటు తిరగగానే కాజాలమ్మ కళ్ళు తుడుచుకుంది.

టైపిస్టమ్మ తెల్లబోయింది. "పస్తు తప్పిందని ఏడ్చేవాళ్ళని నిన్నే చూశాను."

"నీకు తెలీదులే అక్కా."

అప్పటికి ఊరుకుంది గాని, రెండో వారంలో ఆమెకు అనుమానం వచ్చింది. డయాలసిస్‌కు ముందు అందరినీ తూకం వేస్తారు. ఒంట్లో ఎన్ని నీళ్ళు చేరాయో బరువే చెబుతుంది. ఎప్పుడూ రెండు కిలోలు పెరిగే కాజాలమ్మ మూడున్నర పెరిగింది. పెదవులు పగిలాయి. తరచి అడిగితే దాచలేదు. డయాలసిస్ లేని రోజుల్లో రోజా ఉంటోంది. పగలంతా చుక్క నీరు ముట్టదు. పొద్దుగూకాక ఆగలేక తాగేస్తోంది. ముందు ఖర్జూరాలు తింటోంది.

ఖర్జూరాలు. డయాలసిస్ వాళ్ళకు వద్దన్నవాటిలో అది మొదటి పేరు. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళ ఒంట్లో వాటిలోని పొటాషియం పేరుకుంటే గుండె ఆగిపోతుందని నర్సు నెలకోసారి పాఠంలా అప్పజెబుతుంది.

"నర్సుకు చెప్పకు," అంది కాజాలమ్మ. టైపిస్టమ్మ సరే అనలేదు, కాదూ అనలేదు.

మర్నాడు ఆమె ఎవరితోనూ చెప్పకుండా మసీదుకు వెళ్ళింది. గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి లోపలికి నడిచింది. పక్కగదిలో ఇమాముగారు నేలమీద కూర్చుని, స్క్రూడ్రైవరుతో మైకు విప్పుతున్నారు.

"నేను క్రైస్తవురాలిని," అంది గుమ్మంలోనే. "మారడానికి రాలేదు."

"కూర్చోండమ్మా," అన్నారాయన. "మార్చడానికి నాకూ తీరిక లేదు, ఈ మైకు పొద్దుట్నుంచి ప్రాణం తీస్తోంది."

ఆమెకు నవ్వొచ్చింది, భయం సగం దిగింది. సంగతంతా చెప్పింది. జబ్బు మనిషికి రోజా నుంచి మినహాయింపు ఉందని, బాగుపడే జబ్బు కాకపోతే తప్పిన ప్రతిరోజుకూ ఒక పేదవాడికి భోజనం పెడితే సరిపోతుందని ఆయన చెప్పారు. "దేవుడిచ్చిన సెలవు పుచ్చుకోవడం కూడా ఆయన మాట వినడమే," అన్నారు. తర్వాత మైకు పక్కన పెట్టి అడిగారు: "ఆవిడ పంపిందా మిమ్మల్ని?"

"లేదు."

"అయితే మెల్లగా చెప్పండమ్మా."

మెల్లగా చెప్పడం ఆమె ఒంట్లోనే లేదు. శనివారం సూదులు పడీపడగానే మొత్తం అప్పజెప్పేసింది. కాజాలమ్మ ముఖం ఎర్రబడింది.

"నాకు తెలీదనుకున్నావా? ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే తెలుసు ఆ మాట. నా మీద నా దేవుడికే చాడీలు చెప్పొచ్చావా?"

"నీ ప్రాణం కోసం..."

"ఆగక్కా. ఆరేళ్ళుగా నీళ్ళు కొలుచుకుని తాగుతున్నాను. పండు ముక్క తినాలన్నా చీటీ చూసుకుంటాను. అంతా ఎవరి కోసం? డాక్టరు కోసం. ఏడాది పొడుగునా దప్పికే నాకు. ఈ ఒక్క నెలలో ఆ దప్పిక దేవుడికి ఇచ్చుకుంటున్నాను. అదీ వద్దంటే ఇంక నాదంటూ ఏముంది?"

టైపిస్టమ్మకూ రోజుకు అరలీటరు నీళ్ళే. ఆ దప్పిక ఏమిటో ఆ గదిలో అందరికంటే ఆమెకే తెలుసు. దాన్ని ఒకరికి ఇవ్వవచ్చునన్న ఊహ మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇన్ని వారాలుగా అడిగి తెలుసుకున్నదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. అర్థమయ్యాక ఆమెను ఆపే పని ఇంకా కష్టమైంది.

శనివారానికీ మంగళవారానికీ మధ్య రెండు రోజుల ఎడం. అందరికీ గండం ఆ ఎడంలోనే. మంగళవారం కాజాలమ్మ కోడలి భుజం పట్టుకుని వచ్చింది. నాలుగున్నర కిలోలు పెరిగింది. సంచీ జిప్పు తీయబోతే వేళ్ళు పట్టు తప్పాయి.

"ఏం తిన్నారు?" అంది నర్సు.

"ఎప్పటిదే."

టైపిస్టమ్మ ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంది. కాజాలమ్మ ఆమెవైపే చూస్తోంది. చెబితే ఆ స్నేహం పోతుంది, చెప్పకపోతే మనిషే పోతుంది.

"రోజాలు ఉంటోంది," అంది టైపిస్టమ్మ, పైకే. "రాత్రిళ్ళు ఖర్జూరాలు తింటోంది. ఎన్నో నాకు తెలీదు."

ఆ తర్వాత అంతా పరుగులే. డాక్టరొచ్చాడు, ఛాతీకి వైర్లు తగిలించి గుండె గీతలు తీశారు. గీతలు చూసిన డాక్టరు తనే ఇంజెక్షను ఎక్కించి, వెంటనే మెషీనుకు తగిలించమన్నాడు. మధ్యాహ్నానికి గండం గడిచింది. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదని నర్సు కోడలికి చెప్పడం టైపిస్టమ్మ వింది.

గురువారం కాజాలమ్మ గదికి ఆ చివరి కుర్చీ అడిగి తీసుకుంది. పక్క కుర్చీలో ఎవరో బస్సు కండక్టరు వచ్చి పడ్డాడు. మెషీను మొదలవగానే గురకపెట్టేవాడు. టైపిస్టమ్మకు కాలు ఇంట్లో నిలవలేదు, చర్చిలో నిలవలేదు. కాజాలమ్మ కోసం ప్రార్థించబోతే, అంతకుముందు అలవాటుగా వచ్చే మాట, "ఆమె కళ్ళు తెరిపించు ప్రభువా" అనేది సగంలో ఆగిపోయేది. కళ్ళు మూసుకున్నది ఎవరో ఆమెకు తేలలేదు. చివరికి, "బతికించు, నాతో మాట్లాడించు" అని మాత్రం అడిగి లేచేది.

రంజాను వెళ్ళిన రెండు వారాలకు కండక్టరు మధ్యాహ్నం బ్యాచికి మారిపోయాడు. కాజాలమ్మ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆ రోజు నువ్వు చెప్పకపోతే పోయేదాన్ని," అంది పైకప్పు చూస్తూ. "అయినా కోపం పోలేదు."

"పోనక్కర్లేదు."

"మా వీధిలో కాలు లేని ముసలాయన ఒకడున్నాడు. మిగిలిన రోజాలకు బదులు ఆయనకి అన్నం పెట్టాను. మొదట కోడలితో పంపాను. తర్వాత నేనే పట్టుకెళ్ళాను. తినేటప్పుడు తెగ తిడతాడు, ఉప్పు చాలదని. ఇంట్లో వంట నాకు సరిపోయేలా చేస్తారుగా." ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె తల తిప్పింది. "నేనొకటి అడుగుతాను. నీ కాగితంలాంటిది కాదు. దేవుడు నొప్పి పడ్డాడని నమ్మడం నీకెందుకంత కావాలి?"

టైపిస్టమ్మ సండేస్కూల్లో చెప్పే పది జవాబులనూ పక్కన పెట్టింది. "ఈ సూది గుచ్చేటప్పుడు ఆయనకి తెలుసు అనుకుంటాను. విని తెలియడం కాదు, పడి తెలియడం. అది లేకపోతే ఈ కుర్చీలో నేను కూర్చోలేను."

"మా దేవుడికీ తెలుసక్కా. పడకుండానే తెలుసు. చేసినవాడికి తెలీదా?"

"నాకు అది చాలదు."

"నాకు నీది ఎక్కువ."

ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమైంది, ఇద్దరూ ఉన్నచోటే ఉన్నారు. టైపిస్టమ్మకు ఆ సంగతి ఊరట అనిపించలేదు. ఇంత మంచి మనిషికీ తనకూ మధ్య ఇంత దూరం ఎందుకు పెట్టావని ప్రభువును అడగాలనిపించింది. అడిగింది కూడా, కళ్ళు తెరిచే.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తుంటే తమ్ముడు అడిగాడు. "ఇంతకీ ఆవిడ దారికొచ్చిందా అక్కా?"

"లేదు. నేనూ వెళ్ళలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఏం మాట్లాడుకున్నారు?"

ఆమె నడక ఆపింది. ఎండ నడినెత్తిన ఉంది. మరదలు గొడుగు విప్పుకుని ముందుకు వెళ్ళిపోయింది. దప్పిక సంగతి చెప్పాలా, మేకుల సంగతి చెప్పాలా, ఎక్కడ మొదలుపెట్టాలో టైపిస్టమ్మకు తెలియలేదు.

"ఇంటికి పద, చెబుతాను," అంది. "మధ్యలో జవాబులు చెప్పకుండా వినాలి మరి. నీకు కష్టమే."