ఆ ఒక్క నమూనా

జల్లెడ మావయ్య కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ జల్లించడం మొదలుపెట్టాడు. జల్లెడంటే చేత్తో పట్టేది కాదు, కంప్యూటర్లో ఉండేది. మెదడు పొరలకు వాపు తెచ్చే క్రిమిలో వేల భాగాలుంటాయి. వాటిలో టీకా గురిపెట్టదగినదేదో వెతకడం ఆయన ఉద్యోగం. అది క్రిమి ఒంటిపైన ఉండాలి. మనిషి ఒంట్లో దేనితోనూ పోలిక ఉండకూడదు. ఉంటే కంచే చేను మేసినట్టు టీకా మనల్నే కరుస్తుంది. పైగా రోగుల నుంచి తీసిన నమూనాలన్నిటిలోనూ కనిపించాలి. ఇంత పని చేసినా ఆఫీసులో ఆయనకు దక్కిన బిరుదు జల్లెడే. బట్టతల, వదులు చొక్కా, మెట్లెక్కితే ఆయాసం. పదిమందిలో నిలబడితే పదకొండోవాడని కూడా ఎవరూ లెక్కపెట్టరు.

ఈసారి ఐదు భాగాలు చివరిదాకా నిలిచి, ఎప్పటిలాగే ఆ ఒక్క నమూనా దగ్గర రాలిపోయాయి. పైఅధికారి మేడమ్ వెనకే నిలబడి చూస్తోంది.

“దాన్ని పక్కన పెట్టండి మావయ్యగారూ. మిగతా అన్నిటికీ సరిపోయేవి దొరుకుతున్నాయి కదా!”

“ఇంకొక్కసారి చూస్తానమ్మా.”

“ఏడాదిగా ఇదే మాట. మీకేమన్నా చుట్టమా అది?”

“మా పాప వెన్నులోంచి తీసిందమ్మా అది.”

మేడమ్ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

నమూనాలకు పేర్లుండవు, అంకెలే. అయినా ఆసుపత్రి, నెల, ‘ఆరేళ్ల ఆడపిల్ల’ అన్న మాట చూడగానే ఆయనకు తెలిసిపోయింది. పొద్దున జ్వరమన్న పిల్ల సాయంత్రానికి మెడ వంచలేకపోయింది. మర్నాటికి లేదు. పిల్లను తీసుకుపోయిన క్రిమి మాత్రం కింది గది ఫ్రీజర్లో ఇంకా బతికే ఉంది. అదంటే ఆయనకు పరమ అసహ్యం. కానీ పిల్ల ఒంట్లోంచి వచ్చి ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. కిందికి వెళ్లినప్పుడల్లా ఫ్రీజర్ తలుపు మీద చెయ్యేసి నిలబడేవాడు. లోపల మోటారు చప్పుడు వింటుంటే జలుబు చేసిన పాప నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేది. దాన్ని లెక్కలోంచి తీసేస్తే పిల్లను రెండోసారి సాగనంపినట్టవుతుందని భయం.

మధ్యాహ్నం భార్యకు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

“ఏవండీ, మన పిల్ల పేరు చెప్పి ఇంకొకళ్ల పిల్లకి అడ్డం పడదామా?” అందావిడ.

“వద్దులే. తీసేస్తాను.”

తీసేశాడు. జల్లెడ మళ్లీ తిప్పి, గదిలో అటూ ఇటూ కాసేపు ఏదో సర్దుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

సాయంత్రం మేడమ్ పరుగున వచ్చింది. “మావయ్యగారూ, ఐదూ నిలిచాయి!”

ఆయన పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఎప్పుడు పోయాడో పక్క బల్లవాళ్లకు కూడా తెలియదు. బతికినట్టే పోయాడు, ఎవరికీ అడ్డం లేకుండా.

ఆయన్ని తీసుకెళ్లాక మేడమ్ దీపాలార్పబోయి ఆగిపోయింది. మూలన ఎవరూ వాడని పాత కంప్యూటర్ వెలుగుతోంది. తెరమీద ఒకే ఒక్క నమూనా. దానికి సరిపోయే భాగం కోసం అది ఒంటరిగా వెతుకుతూనే ఉంది. తెర అంచున అంటించిన చిన్న కాగితం మీద, ఆయన చేతిరాతలో: ‘దయచేసి ఆపకండి.’