ముప్ఫై జానల దూరం

బోర్డులు రాసే పెయింటరు ఆ నర్సును పెళ్లి చేసుకుని ఏడు నెలలైంది. ఆమెకు తొమ్మిదేళ్ల కూతురు. గుప్పెడంత ఉంటుందని అందరూ 'పిచ్చుక' అంటారు. ఆ పిల్ల అతనితో ఏనాడూ పేచీ పెట్టుకోలేదు. కాకపోతే ఏమని పిలవాలో తేలక, ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొస్తోంది. "అమ్మ రమ్మంటోంది" అని గాలికి చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయేది.

"దాన్ని ఏమీ అనకు," అనేవాడు భార్యతో. "ఇష్టపడి పెళ్లి చేసుకుంది మనిద్దరం. దాన్నెవరు అడిగారు?"

సెలవుల్లో పిచ్చుక చదివే బడి నుంచే పని వచ్చింది. వరండా గోడ మీద సూర్యుణ్ణీ గ్రహాలనూ వెయ్యాలి. తల్లి డ్యూటీకి పోతే ఇంట్లో ఒక్కతే ఉండలేక పిల్ల కూడా వెంట వెళ్లింది. అతను గోడకు తెల్లరంగు కొట్టి, ఎడమ చివర సూర్యుణ్ణి పెట్టి, ఎనిమిది గ్రహాలనూ బస్సు కోసం వరసలో నిలబడ్డ మనుషుల్లా సమానంగా సుద్దతో గీశాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని మురిసిపోయాడు.

"తప్పు," అంది పిచ్చుక.

"ఎక్కడ?"

"అంతా."

అతనికి నవ్వొచ్చింది. "అంతా అంటే ఎలా తల్లీ? కాస్త విడమర్చి చెప్పు."

పిల్ల సైన్సు పుస్తకం తెచ్చి చూపించింది. సూర్యుడికీ భూమికీ మధ్య ఒక జాన దూరం అనుకుంటే, బుధుడు అర జాన కూడా ఉండడు. కుజుడు జానన్నర. అక్కణ్ణుంచి ఒకటే గెంతు. గురుడు అయిదు జానలు, శని తొమ్మిదిన్నర, యురేనస్ పంతొమ్మిది, నెప్ట్యూన్ ఏకంగా ముప్ఫై.

గీసిందంతా తుడిచేసి, అతను జానలు వేసుకుంటూ బయల్దేరాడు. యురేనస్ దాటి కాస్త దూరం పోయేసరికి గోడ అయిపోయింది.

"నెప్ట్యూన్ని ఆ మంచినీళ్ల కుళాయి మీద వెయ్యాల్సిందే," అన్నాడు దిగాలుగా. అంతలో ఏదో తట్టి, పిల్ల వైపు తిరిగాడు. "ఏదీ, నీ చెయ్యి చాపు. నీ జానతో కొలుద్దాం."

పిచ్చుక వేళ్లు బార్లా చాచి, గోడ పొడవునా కొలుచుకుంటూ నడిచింది. జాన జానకీ సుద్దచుక్క పెడుతూ అతను వెనకే వచ్చాడు. ముప్ఫయ్యో జాన పడ్డాక కూడా మూరెడు గోడ మిగిలింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాటి నుంచి అతను గ్రహాలకు రంగులు వేస్తుంటే, ఒక్కో గ్రహానికీ ఏడాది ఎంతో పిచ్చుక కింద రాస్తూ వచ్చింది.

"బుధుడి ఏడాది ఎనభై ఎనిమిది రోజులే. అంటే అక్కడ నాకు ముప్ఫై ఏడేళ్లు!"

"అబ్బో! నాకు భూమ్మీద ముప్ఫై ఆరే. ఇక నిన్ను మీరు అనాలి కాబోలు."

పిల్ల ఫక్కున నవ్వింది. గురుడి ఏడాది దాదాపు పన్నెండేళ్లు. అక్కడ తనకింకా మొదటి పుట్టినరోజే రాలేదంది. శని కింద 'ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు' అని రాసి మాత్రం ఆగిపోయింది.

"నాన్న పోయినప్పుడు ముప్ఫై ఏళ్లు," అంది మెల్లగా. "ఇక్కడ లెక్కయితే ఒక్క ఏడాదే ఉన్నాడు."

అతను కుంచె కింద పెట్టాడు.

"అంత పెద్ద చుట్టు పూర్తిగా తిరిగాడన్నమాట," అన్నాడు. "మధ్యలో ఆగిపోలేదు."

పిచ్చుక శనిని చూస్తూ నిలబడింది. "దీని వలయాలకి మంచి రంగు వెయ్యండి. మామూలుది వద్దు."

నగల దుకాణాల బోర్డుల కోసం దాచుకున్న బంగారు రంగు డబ్బా మూత తీశాడు అతను.

ఆఖరి రోజు పిల్లకో అనుమానం వచ్చింది. "నా చెయ్యి పెరిగిపోతే ఈ జానలు ఎవరికి తెలుస్తాయి?"

నిజమే మరి. పిల్ల అరచేతికి నీలిరంగు పూసి, సూర్యుడి కింద ముద్ర వేయించాడు. ఎడమచేతి ముద్ర చెదిరిపోతే, గోడ మీది మరక తుడిచి కుడిచేతికి పూశాడు. ఈసారి వేళ్లన్నీ చక్కగా పడ్డాయి. పిల్ల రంగంటిన రెండు చేతులూ గాల్లో పట్టుకుని నిలబడింది.

"బాబాయ్, ముక్కు దురద! గోకవా?"

అతను కుంచెను డబ్బాలో పడేశాడు. దగ్గరికి వంగి, రంగంటని చిటికెనవేలితో గోకాడు.

"అక్కడ కాదు, ఇంకొంచెం పైకి."

"ఇక్కడా?"

"ఊఁ, అక్కడే."