సంచుల దగ్గర మనిషి

చుట్టాలు వస్తున్నారంటే ఆమె ముందుగా కడిగేది పెద్ద నీళ్ల సీసాలు. ఆ తరువాత రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు, వచ్చినవాళ్లలో ఎవరికో ఒకరికి తప్పకుండా ఉండే మాత్రలు, తువ్వాళ్లు, ఎందుకైనా మంచిదని ఒక గొడుగు. ఒకప్పుడు రాజులేలిన నగరంలో కాపురం పెడితే చుట్టరికాలకు కరువుండదు. కోట చూడాలి, రాణిగారి మేడ చూడాలి, అద్దాల మందిరం చూడకపోతే జన్మే వృథా. ఇవన్నీ చూపించడంలో ఆమె భర్తను మించినవాడు లేడు. ఏ గోడ ఏ రాజు కట్టించాడో, ఏ రాణి ఏ గదిలో అలిగి కూర్చుందో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడు. అందరికంటే ముందు ఆమే ఒప్పుకుంటుంది ఆ మాట.

అయితే కోటలోపలికి సంచులు రానివ్వరు. సామాన్లు దాచే గది ఉందని బోర్డయితే ఉంది గానీ, దాని తలుపు తెరిచి ఉండగా చూసిన మొనగాడు ఇంతవరకూ తగల్లేదు. కాబట్టి ఎవరో ఒకరు బయట అరుగు మీద కూర్చోవాలి. పెళ్లైన కొత్తలో ఆమె కూర్చుంది. "మనం ఊళ్లోవాళ్లమేగా, నువ్వు ఎప్పుడైనా చూడొచ్చు" అన్నాడు భర్త. న్యాయమైన మాటే. ఆ 'ఎప్పుడైనా' ఇంకా రాలేదు. ఆ అరుగు మీద ఒళ్లో పెట్టుకుని ఆడించిన పిల్లాడికి మీసాలు మాత్రం వచ్చాయి. ప్రతిసారీ గుమ్మం దాటబోతూ భర్త వెనక్కి తిరిగి ఒక్క కేక వేస్తాడు: "సంచులు జాగ్రత్త!"

అక్కడ కూర్చునీ కూర్చునీ ఆమెకు ఆ కోట మీద ప్రేమ పుట్టింది. పొద్దున బూడిదరంగులో ఉండే గోడ మధ్యాహ్నం దాటేసరికి తేనెరంగుకు తిరుగుతుంది. గుమ్మానికి అటూ ఇటూ ఉన్న రాతి సింహాల్లో ఎడమదాని ముక్కు, వచ్చేపోయే పిల్లలు నిమిరీ నిమిరీ నున్నబడిపోయింది. పైన రాణిగారి మేడకు ఒక రాతి జాలీ కిటికీ. ఎంత సన్నటి పనో! చెక్కినవాడి చేతులు చల్లగా ఉండాలి అనుకునేది, సీసా మూత బిగిస్తూ.

ఈసారి వచ్చింది భర్త పిన్ని. వెంట కొడుకూ కోడలూ. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూలబడింది.

"నిజం చెప్పమ్మాయ్, అన్ని మెట్లెక్కి చూసేంత బాగుంటుందా ఆ అద్దాల మందిరం? మగాళ్ల మాట నమ్మకూడదు, అన్నిటికీ బ్రహ్మాండం అంటారు."

ఒక్క దీపం వెలిగిస్తే వెయ్యి దీపాలవుతాయండీ అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చాక తెలిసింది, అది భర్త మాట. తన కళ్లు చూసింది కాదు.

"నేను చూళ్లేదు చిన్నత్తయ్యా."

"వేళాకోళమా! ఎన్నేళ్లనుంచి ఉంటున్నావే ఈ ఊళ్లో?"

"ఈ అరుగు దాకా వచ్చాను."

భర్త పెద్దగా నవ్వాడు. "పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా పిన్నీ! రమ్మంటే తనే రాదు."

రమ్మంటే తనే రాదు! ఎప్పుడు రమ్మన్నాడా అని ఆమె వెనక్కి వెనక్కి వెతికింది. దొరకలేదు. అతని మొహంలోకి చూసింది. అబద్ధమాడుతున్న మొహం కాదది. అబద్ధమే ఆడి ఉంటే పోట్లాడేది. అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. అదే ఆమెకు చురుక్కుమంది. ఇంకొన్నాళ్లు పోతే తనూ నమ్మేస్తుందేమోనని భయం వేసింది.

లేచి, పెద్ద సంచి అతని భుజానికి తగిలించింది. "మాత్రలు పక్క జేబులో ఉన్నాయి. గుడ్లు ముందు తినేయండి, ఎండకు పాడవుతాయి."

"అదేంటి? మరి వాళ్లకెవరు చెబుతారు?"

"వాళ్లకీ కళ్లున్నాయిగా."

"నాకు చెప్పరా ఇక్కడే కూర్చుని" అంది పిన్ని, కాళ్లు చాపుకుంటూ. "మెట్లెక్కే పని తప్పింది."

పడుచు జంట ఫొటోల కోసం ముందుకు పరుగెత్తింది. ఆమె తాపీగా ఎక్కింది. అద్దాల మందిరంలో కాలు పెట్టి "అబ్బ!" అని పైకే అనేసింది. భర్త చెప్పింది ఏ మూలకూ చాలదు. కప్పు నిండా గోరంతేసి అద్దాలు. ప్రతి అద్దంలోనూ ఆమే. ప్రతి అద్దంలోనూ ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎంతసేపు నిలబడిందో తెలియదు. కళ్లు తుడుచుకుని రాణిగారి మేడ ఎక్కి, జాలీ కిటికీ దగ్గరికి వెళ్లింది. రాతి పువ్వుల సందులోంచి కింద అరుగు కనిపించింది. భర్త ఒళ్లో సంచి పెట్టుకుని, గోడ వైపు చేతులూపుతూ పిన్నికి ఏదో చెబుతున్నాడు. ఎండలో ముద్దొచ్చాడు కూడా.

కాసేపటికి ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్? వాళ్లిద్దరూ ఎప్పుడో వచ్చేశారు. అందరికీ ఆకలి."

"రొట్టెలు మీ ఒళ్లోనే ఉన్నాయి కదండీ."

"ఇంతసేపు లోపలేం చేస్తున్నావ్?"

"చూస్తున్నాను. ఇంకా పై అంతస్తుంది" అంది ఆమె. "సంచులు జాగ్రత్త."