డ్యూటీ దిగని నీడ

పొద్దున షిఫ్టు మారే వేళకి కాన్పుల వార్డంతా సందడే. దుప్పట్లు మారుస్తుంటారు, పసిపిల్లలు ఒకరి ఏడుపు ఒకరు అందుకుంటారు, టీ చల్లారిపోయిందని ఆయా గొణుగుతుంది. ఆ సందడిలోనే పెద్ద సిస్టర్ నీడ గోడ వెంట వచ్చి, మంచం మంచం దగ్గరా ఆగి, ముందుకు సాగుతుంది. ఆవిడ పోయి నెల దాటింది. నీడ మాత్రం డ్యూటీ మానలేదు.

"జరగండమ్మా, సిస్టరు రౌండ్స్‌కొచ్చింది," అని ఆయా చుట్టాల్ని గోడ దగ్గర్నుంచి తోలేది.

ఈ సంగతి చెవిన పడగానే పెద్ద సిస్టర్ కూతురికి ఒళ్లు మండింది. కుట్టుమిషన్ ఆపి, షాపుకి తాళం పెట్టి, తిన్నగా వార్డుకొచ్చింది.

"బతికున్నన్నాళ్లూ ఆస్పత్రే. పోయాకైనా ఇంటికి రాకూడదా? ఇవాళ వెంటబెట్టుకుపోతాను," అంది హెడ్ నర్సుతో.

"అడిగి చూడు తల్లీ. మా మాట ఎప్పుడు వింది గనక!" అని హెడ్ నర్సు స్టూలు జరిపింది.

కూర్చుంటే పాతవన్నీ ముసురుకున్నాయి. నాన్న పోయేనాటికి తను చంకలో పిల్ల. "మా ఇంట్లో ఓ మూల పడుండవే," అన్నాడు మేనమామ. "మూల చీపురుకి చాలన్నయ్యా, నాకు చాలదు," అంది అమ్మ. తనకన్నా చిన్నవాళ్ల పక్కన కూర్చుని నర్సింగు చదివింది. వార్డులోకి వరదనీళ్లొచ్చిన ఏడాది మోకాలి లోతులో నిలబడి పురుడు పోసింది. ఇంటికొచ్చాక వణుకుతున్న వేళ్లు చూపించి, "చూడవే, వీటికి ఇప్పుడా భయం!" అని పకపకా నవ్వింది.

నీడ కిటికీ పక్క మంచం దగ్గర ఆగింది. తెల్లవారుజామున కాన్పయిన పిల్ల అక్కడ మొగుడితో కబుర్లాడుతోంది.

"అమ్మా, ఇంటికి పోదాం పద," అంది కూతురు లేచి.

నీడ కదల్లేదు. నడుం మీద చెయ్యి, వంచిన మెడ. కూతురు గబుక్కున ఆ మంచం వైపు చూసింది. చిన్నప్పుడు తను జ్వరం దాచిపెట్టినప్పుడల్లా అమ్మ అలాగే నిలబడేది.

"అక్కా, ఈ పిల్లని చూడండి!" అని హెడ్ నర్సుని కేకేసింది.

హెడ్ నర్సు దుప్పటి ఎత్తింది. కింద పక్కంతా నెత్తురు.

క్షణాల్లో మంచాన్ని ఆపరేషన్ గదిలోకి తోసుకుపోయారు. ఎవరో బిడ్డని కూతురి చేతుల్లో పెట్టారు. "ఇప్పుడే కదండీ నవ్వింది..." అంటూ మొగుడు గోడకి జారగిలబడిపోయాడు.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ బయటికొచ్చింది. "గండం గడిచింది. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది."

గోడ మీద నీడ అప్పటికే పక్క మంచానికి పోయింది.

"మరి, తీసుకెళ్లవా?" అంది హెడ్ నర్సు.

"పనిలో ఉంది కదండీ," అంది కూతురు. ఆ మాట ఇన్నేళ్లలో ఆమె ఇంత గర్వంగా ఎప్పుడూ అనలేదు.

లోపలికెళ్లి బిడ్డని తల్లి పక్కన పడుకోబెట్టింది.

"ఏడ్చాడా?" అంది ఆ పిల్ల.

"ఏడవకేం! భుజం తడిపేశాడు. ఇక నీ పాట్లు నువ్వు పడు."

ఆ పిల్ల చెయ్యి నెమ్మదిగా లేచి బిడ్డ వీపు మీద వాలింది. వాడు పాలకోసం తడుముకున్నాడు.